కింది మట్టి, పై మట్టి

మా ఇంట్లో ఒక ఎముక ముక్క ఉంది. చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఎముకను దేవుడి గూట్లో పెట్టకూడదు కాబట్టి, ఖాళీ మందుబిళ్లల డబ్బాలో దూది పరిచి, నా ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచాను. అది కోట్ల ఏళ్ల కిందటి పక్షిదని నా మనవరాలు చెప్పింది. బాతు జాతిదే కావచ్చని కూడా చెప్పింది. అయినా అది ఎందుకూ పనికిరాదు. పనికిరాకుండా చేసింది నేను.

నేను చదివింది నాలుగో తరగతి. రాయడం వస్తుంది, ఒత్తులు అప్పుడప్పుడు తప్పుతాయి. ఇది రాయాలనుకుని కూడా ఒక ఏడాది ఊరుకున్నాను. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా గల్లీలో అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. నానమ్మ మాట విని పిల్ల దారిలోకి వచ్చిందట, పెద్దవాళ్లు గట్టిగా ఉంటే ఇట్లాగే ఉంటుందట. ఆ మెప్పు నాకు అరగడం లేదు.

మాది చిక్కడపల్లి. మెయిన్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేచాయి కానీ మా గల్లీ మాత్రం ఆటో తిరగనంత ఇరుకుగానే ఉంది. కింద మూడు గదులు, పైన డాబా, డాబా మీద ఒక రేకుల గది. నా కొడుక్కు నారాయణగూడలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం ఉంది. కోడలు బళ్లో పంతులమ్మ. వాళ్లకు ఒక్కతే బిడ్డ. ఇద్దరూ పొద్దున పోతే పొద్దుగూకి వస్తారు కాబట్టి ఆ పిల్లను పెంచింది నేనే. పెంచడమంటే ముద్దుచేయడం కాదు. పెన్సిలు బొటనవేలంత అయ్యేదాకా కొత్తది ఇచ్చేదాన్ని కాదు. నోటుబుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి, మరుసటి ఏడాదికి రఫ్ బుక్కు చేసేదాన్ని. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు, బట్టలు జాడించిన నీళ్లు వాకిలికి పోయాలి. మా ఇంట్లో ఏదీ ఊరికే పోదు. పోనివ్వను.

ఆ పిల్ల రాళ్ల చదువు చదివింది. విద్యానగర్ పక్కనున్న పెద్ద యూనివర్సిటీలో ఎమ్మెస్సీ. ఆ చదువులో చేరతానన్న రోజున నేనొక మాట అన్నాను. "రాళ్లు ఏరెటందుకు ఎమ్మెస్సీ ఎందుకే? నేను చదువుకోకుండనే అరవై ఏండ్ల సంది ఏరుతున్న గద." ఇంట్లో అందరూ నవ్వారు. అదీ నవ్వింది.

చదువు అయిపోయాక నవ్వులు అయిపోయాయి. మా గల్లీ దాటి రెండు సందులు తిరిగితే అశోక్‌నగర్. అక్కడ గోడ కనపడకుండా కోచింగ్ సెంటర్ల బోర్డులే. మహబూబ్‌నగర్ నుంచీ ఆదిలాబాద్ నుంచీ పిల్లలు వచ్చి, ఒక్కో గదిలో ఐదారుగురు కిరాయికి ఉండి, బండి మీద ఉప్మా తిని, సర్కారు నౌకరీ కోసం ఏళ్ల తరబడి చదువుతారు. లైబ్రరీ తలుపు తీయకముందే సంచులు వరుసగా పెట్టి జాగా ఆపుకుంటారు. వాళ్లను చూసినప్పుడల్లా నా కడుపు మండేది. అంత దూరం నుంచి వచ్చి వాళ్లు అంత కష్టపడుతుంటే, ఇంటి అన్నం తిని నడుచుకుంటూ పోగలిగే మా పిల్ల మాత్రం, ఇంకా చదువుతాను, రాళ్లలో దొరికే ఎముకల మీద పరిశోధన చేస్తాను అంటుంది.

కొన్నాళ్లు ఇంట్లో అన్నం పళ్లేల చప్పుడు తప్ప మాట లేదు. చివరికి అది దిగివచ్చి అసలు సంగతి చెప్పింది. వాళ్ల సారు దగ్గర పరిశోధనకు ఒక్క సీటు ఉంది. అడిగేవాళ్లు నలుగురు. చూపించదగిన ఎముక ఒక్కటి తెచ్చి చూపిస్తే తన పేరు రాసి పంపిస్తానని సారు అన్నాడట. కొంచెం టైము ఇవ్వమని అడిగింది. గడువు నేనే పెట్టాను. మామిడికాయ తొక్కు పెట్టే రోజులదాకా. అప్పటికి ఏదీ దొరకకపోతే నోరెత్తకుండా అశోక్‌నగర్ పోవాలి. సరేనంది. చేతిలో చెయ్యి వేయించుకున్నాను.

శివరాత్రి పోయిన వారానికి మట్టి వచ్చింది. వికారాబాద్ అవతల ఎక్కడో ఎవరో రైతు బావి తవ్వించుకుంటుంటే పోసిన మట్టి. పన్నెండు సంచులు. సంచులు కుట్టింది నేనే, చిరిగిన దుప్పట్లతో. సంచుల మీద పిల్ల నల్ల మార్కరుతో అంకెలు వేసింది. ఆరు సంచుల్లో పచ్చబూడిద రంగు మట్టి, ఆరు సంచుల్లో ఎర్రటి మట్టి. నల్లరాయి పొరల నడుమ ఈ మట్టి ఇరుక్కుపోయిందట. ఒకప్పుడు ఇక్కడి నేల పగిలి నిప్పు పారిందట, అది చల్లారాక దాని మీద నీళ్లు నిలిచి కుంటలయ్యాయట, మళ్లీ నిప్పు పారి ఆ కుంటలను కప్పిందట. కింద దొరికిన పచ్చమట్టి రాకాసి బల్లులు బతికున్న నాటిది. మీద దొరికిన ఎర్రమట్టి అవి పోయిన తర్వాతిది. ఈ రెండు మాటలు నాకు అప్పుడే చెప్పింది. తెలియదనడానికి వీల్లేదు.

మా నల్లాకు రోజు విడిచి రోజు నీళ్లు. ఈ పిల్ల డాబా మీద బకెట్లు వరుసగా పెట్టి మట్టి నానేయడం మొదలుపెట్టేసరికి నేను మెట్లెక్కి పోయి తిట్టాను. నానిన మట్టిని సన్న జల్లెడలో పోసి కడుగుతుంది. బురద పోయి సన్న నూక మిగులుతుంది. దాన్ని పేపరు మీద ఎండబెట్టి, గాజు సీసాల్లో పోసి, సీసా మీద అదే అంకె రాసిన చీటీ అంటిస్తుంది. ఆ సీసాలూ నావే, తొక్కు సీసాలు. పాత తొక్కు అయిపోయి ఊరికే ఉన్నాయి గదా అని నేనే ఇచ్చాను. తర్వాత ఆ నూకను చిటికెడు చిటికెడు పళ్లెంలో పోసుకుని, సూదితో ఒక్కొక్క గింజా జరుపుతూ ఎముకలు వెతుకుతుంది. మొదటి వారంలో సగం సీసా కూడా కాలేదు. మెడ పట్టేసింది.

నాకు చూడబుద్ధి కాలేదు. పళ్లెం లాక్కున్నాను. కళ్లకు ఆపరేషన్ అయ్యాక నాకు దగ్గరిది బాగానే కనిపిస్తుంది, పైగా మందుల చీటీలు చదవడానికి కొడుకు తెచ్చిన భూతద్దం ఉంది. కుడిచేతి చూపుడువేలితో వరస వరసగా జరుపుతూ పోయాను. బియ్యం ఏరేటప్పుడు కన్ను గింజను చూడదు, తేడాను చూస్తుంది. తెల్లగా ఉన్నదాంట్లో నల్లది, గుండ్రంగా ఉన్నదాంట్లో కోసుగా ఉన్నది. అదే పని. అటుదిటు చేశామంతే.

"బియ్యంల వేరేది కనిపిస్తే పారేస్తం. నీ దాంట్ల వేరేది కనిపిస్తే దాసుకుంటరా?" అని అడిగాను.

"గంతే నానమ్మ. మిగిలింది పారేస్తం."

"ఉల్టా చదువు," అన్నాను.

ఆ పూటే నాకు మూడు చేప పళ్లు దొరికాయి. నల్లగా, మెరుస్తూ, ఆవగింజకంటే చిన్నవి. అది నన్ను పట్టుకుని ఊపేసింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం అంట్లు తోమి, రేకుల గదిలో ఫ్యాను కింద కూర్చోవడం నాకు అలవాటైంది. కప్ప ఎముకలు, నత్త గుల్లలు, ఒకసారి మొసలి పన్ను విరిగిన ముక్క. అరవై ఏళ్లు రాళ్లు ఏరితే ఎవరూ శభాష్ అనలేదు. ఇక్కడ ఒక చేప పన్ను చూపిస్తే పిల్ల కళ్లు పెద్దవయ్యేవి. నాకు బాగుండేది. పైకి మాత్రం కరెంటు బిల్లు గురించి సణిగేదాన్ని.

దానికి కావలసింది చేప పళ్లు కాదు. నీళ్ల పక్షి ఎముక. ఎందుకని అడిగితే, పని చేసుకుంటూనే రోజుకు కొంచెం చెప్పేది. ఇప్పుడున్న పక్షుల్లో చాలా పాత వంశాల్లో బాతులది ఒకటట. కోడీ బాతూ ఒక తల్లి బిడ్డలట, రాకాసి బల్లులు తిరిగే రోజుల్లోనే వేరుపడ్డాయట. దక్షిణాన మంచుఖండంలో, బల్లులు ఇంకా బతికున్న నాటి రాతిలో ఒక పక్షి ఎముకలు దొరికాయట. అది బాతుల చుట్టమేనని కొందరు, కాదని కొందరు ఏళ్లుగా కొట్లాడుకున్నారట. పక్షి ఎముకలు సన్నవి, బోలువి, రాయిగా మారేదాకా నిలవవు. అందుకే ఒక్క ముక్క దొరికినా అంత పంచాయితీ.

ఇంకొక పక్షి సంగతి నాకు బాగా గుర్తుంది. బల్లులు పోయాక చాలా కాలానికి అమెరికాలో ఒక చెరువు ఒడ్డున గుంపులు గుంపులుగా బతికిందట. కొంగకున్నట్టు పొడుగు కాళ్లు. మొదట ఆ కాళ్ల ఎముకలే దొరికితే ఒడ్డున తిరిగే పొడుగుకాళ్ల పక్షుల జాతిలో కలిపారట. తర్వాత తల దొరికింది. చూస్తే బాతు ముక్కు.

"కాళ్లు చూసి కులం కట్టిన్రు అన్నట్టు," అన్నాను.

"నువ్వు సారు కంటె మంచిగ చెప్తవు నానమ్మ," అంది. అబద్ధమని తెలిసినా ఆ పూట ఇంకో పళ్లెం ఎక్కువ ఏరాను.

పొద్దున నడకకు పార్కుకు పోతే అక్కడి నీళ్లలో నాలుగు బాతులున్నాయి. అంతకుముందు వాటిని కన్నెత్తి చూసినదాన్ని కాదు. ఇప్పుడు అవి గట్టెక్కుతుంటే నిలబడి కాళ్లు చూసేదాన్ని. ఒకరోజు పిల్ల ముషీరాబాద్ పోయి ఎక్కడో అడిగి బాతు కాళ్లు రెండు తెచ్చి, పాలు కాచే గిన్నెలో ఉడకబెట్టింది. ఆ రోజు మా ఇల్లు దద్దరిల్లింది. గిన్నెను మూడుసార్లు చింతపండుతో తోమించాను, అయినా పాలకు వాడనివ్వలేదు. అది కిక్కురుమనకుండా తోమి, తర్వాత ఉడికిన ఎముకను నా ముందు పెట్టి చూపించింది. కాలి ఎముక చివర మూడు గుబ్బలుంటాయి, మూడు వేళ్లు తగిలించుకోవడానికి. కోడిలో అవి దాదాపు ఒక వరసలో ఉంటాయి. బాతులో లోపలివైపు గుబ్బ పొట్టిగా ఉండి వెనక్కి తిరిగి ఉంటుంది. నీళ్లు తోసి కాలు మళ్లీ ముందుకు వచ్చేటప్పుడు ఆ వేలు ముడుచుకోవాలి గదా అంది. ఈ సంగతి పుస్తకంలో చదివితే నాకు అర్థమయ్యేది కాదు. వేలితో తడిమితే అర్థమైంది.

ఇంకొక మాట కూడా అప్పుడే చెప్పింది. సీసాలు తుడుస్తూ చెప్పింది.

"నానమ్మ, పచ్చమట్టి సీసాలు, ఎర్రమట్టి సీసాలు ఎన్నడు కలపకు. ఎముక దొరికినా అది ఏ మట్టిలదో తెల్వకపోతే దొరకనట్టే."

"నాకు చెప్పాల్నా? కందిపప్పు, పెసరపప్పు కలుపుతనా?" అన్నాను.

ఎండలు ముదిరాయి. పన్నెండు సంచుల్లో ఎనిమిది కడగడం అయింది. ఎముక రాలేదు. పిల్ల మొహం వాడిపోతుంది, నేను చూస్తూనే ఉన్నాను. ఒక మాట నిజం చెప్పాలి. లోపల ఎక్కడో, దొరకకపోతేనే మంచిదని కూడా అనుకున్నాను. పది రోజులైతే గడువు అయిపోతుంది, అశోక్‌నగర్‌లో కొత్త బ్యాచీ మొదలవుతుంది. చేతులు దానికోసం వెతుకుతుంటే నోరు కోచింగ్ సెంటర్ల వేళలు కనుక్కుంటూ ఉండేది.

అంతలో సారు నలుగురినీ తీసుకుని మళ్లీ ఆ బావి దగ్గరికి పోయాడు. ఆరు రోజులు. పిల్ల పోయిన రెండో రోజున కొడుకు మామిడికాయలు తెచ్చాడు. పుల్లటివి, టెంక ముదిరినవి, ఆ పూటే కోయకపోతే మెత్తబడతాయి. కాయలు కడిగి, తుడిచి, కత్తిపీట వేసుకుని కూర్చున్నాక చూసుకుంటే సీసాలు లేవు. అన్నీ రేకుల గదిలో ఉన్నాయి.

పైకి పోయాను. చాలా సీసాల్లో నూక సగానికి పైనే ఉంది, వాటి జోలికి పోలేదు. రెండింట్లో మాత్రం అడుగున పిడికెడు చొప్పున మిగిలింది. ఒకటి పచ్చమట్టిది, ఒకటి ఎర్రమట్టిది. బియ్యం డబ్బాలో అడుగున రెండు గుప్పిళ్లు మిగిలితే వాటిని విడిగా దాచేవాళ్లు ఎవరు? రెండు అడుగులూ ఒక చోట పోసి ముందు అవి ఖర్చు పెడతాం. మా అమ్మ అట్లాగే చేసేది, నేనూ అట్లాగే చేశాను. చేతులు వాటంతట అవే చేశాయి. రెండు అడుగులూ ఒక స్టీలు గిన్నెలో పోశాను. చీటీలు నానబెట్టి గీకేసి, రెండు సీసాలూ సబ్బుతో కడిగి, ఎండలో బోర్లించాను. కందిపప్పూ పెసరపప్పూ కలపనని అన్న మాట అప్పుడు గుర్తుకు రాలేదు. అడుగుబొడుగు కలపడం నాకు కలపడంలాగా అనిపించలేదు. ఇంతకు మించి నేను చెప్పుకోగలిగింది లేదు.

మూడో రోజుకు తొక్కు సీసాల్లోకి ఎక్కింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఆ గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను. మూడో పళ్లెంలో అది కనిపించింది. ముదురు గోధుమరంగులో ఉంది. ఒక కొస విరిగింది, బోలుగా ఉంది. రెండో కొసకు మూడు గుబ్బలు. భూతద్దం తెచ్చి చూశాను. లోపలివైపు గుబ్బ పొట్టిగా, వెనక్కి తిరిగి ఉంది. పార్కు బాతు, పాలగిన్నెలో ఉడికిన బాతు, ఇది. పళ్లెం కింద పెట్టి, ఫ్యాను ఆపి వచ్చి మళ్లీ చూశాను.

పిల్లకు ఫోను చేయలేదు. ఎదురుగా చూపించాలనుకున్నాను. దాని మొహం చూడాలనుకున్నాను. మురికిగా ఇవ్వడం ఎందుకని ఎముకను సబ్బునీళ్లలో మెల్లగా కడిగాను. బోలులో ఇరుక్కున్న మట్టిని పిన్నీసుతో పొడిచి, ఊదీ, మళ్లీ కడిగీ, లోపల అద్దంలా చేశాను. అది ఏ రంగు మట్టో చూడలేదు. పిన్నీసు కొసకు అంటినదాన్ని పైట చెంగుకు తుడిచాను. ఆ చీర ఉతికేశాను కూడా.

ఆరో రోజు సాయంత్రం పిల్ల వచ్చింది, ఎండకు నల్లబడి, చెప్పులు తెగి. కాళ్లు కడుక్కోనివ్వకుండా మేడ మీదికి తీసుకుపోయి గుడ్డ విప్పి చూపించాను. అది కింద కూర్చుండిపోయింది. భూతద్దంతో అటు తిప్పింది, ఇటు తిప్పింది. నా పాదాలు పట్టుకుంది. మా ఇంట్లో పండుగలకు తప్ప ఎవరూ కాళ్లు మొక్కరు. సీటు వస్తుంది నానమ్మ, అంది. నేను గడువు గురించి అననే లేదు. అంతా మరిచిపోయాను. బియ్యం ఏరిన చేతులు ఊరికే పోలేదు అనుకున్నాను.

అప్పుడు అడిగింది. "ఏ సీసాలకెల్లి?"

నేను స్టీలు గిన్నె వైపు చూశాను. అదీ చూసింది. గిన్నె అడుగున పచ్చ నూకా ఎర్ర నూకా కలిసి ఉన్నాయి. తర్వాత కిటికీ దగ్గర ఎండకు పెట్టిన రెండు తొక్కు సీసాలు చూసింది. దానికి చెప్పాల్సిన పని లేకపోయింది. అయినా చెప్పాను. ఎముకను మళ్లీ భూతద్దం కిందికి తీసుకుని బోలు లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. రవ్వంత మట్టి మిగిలినా రంగు చూసి చెప్పొచ్చని, అది వెతుకుతోందని, నాకు అప్పుడు అర్థమైంది.

"లోపల మట్టి ఏమైంది?"

"కడిగిన బిడ్డా. సాఫ్ చేసి ఇద్దామని."

అది అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, ఇద్దరికీ బాగుండేది. ఎముకను గుడ్డలో చుట్టి, ముడి వేసి, తల ఎత్తకుండా అడిగింది.

"నన్ను కోచింగ్‌కు పంపాలని కావాలనే కలిపినవా నానమ్మ?"

కాదన్నాను. దేవుడి మీద ఒట్టు వేశాను. అది తల ఊపింది. నమ్మినట్టు ఊపిందో, ఇక చాలు అన్నట్టు ఊపిందో ఇప్పటికీ తెలియదు. లోపల ఎక్కడో దొరకకపోతే మంచిదని అనుకున్న మాట నాకు ఆ క్షణాన గుర్తుకు వచ్చింది. అందుకే ఒట్టు వేసేటప్పుడు నా గొంతు గట్టిగా పలకలేదు.

మరునాడు అది యూనివర్సిటీకి బయలుదేరుతుంటే వాకిట్లో ఆపాను. పచ్చమట్టి సీసాలోదని చెప్పమన్నాను. చూసినవాళ్లు ఎవరున్నారు, నేనే గదా, కావాలంటే నేనొచ్చి సారుకు చెప్తానన్నాను. బుద్ధెరిగిన నాటి నుంచీ, అబద్ధం ఆడితే పళ్లు రాలగొడతానని ఆ పిల్లను బెదిరించి పెంచినదాన్ని నేనే.

"పచ్చమట్టిదంటే బల్లుల నాటి బాతు మన దేశంల దొరికిందన్నట్టు," అంది. "దాని మీద మంది ఇంకో వంద మాటలు కడ్తరు నానమ్మ. అన్నిటి కింద నీ అబద్ధం ఉంటది. నాతోని కాదు."

సారుకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన ఎముకను చూసి చాలా మెచ్చుకున్నాడట. చాలా బాధపడ్డాడట. బల్లులున్న నాటిదో అవి పోయిన తర్వాతిదో తెలియని ఎముకతో ఏ మాటా తేల్చి చెప్పలేమని, ఊరూ పేరూ తెలియనివి పెట్టే డ్రాయర్‌లో పెడదామని అన్నాడట. ఆ ఏడాది సీటు ఇంకొకరికి పోయింది. వాళ్లేమీ మోసం చేయలేదు, వాళ్ల సీసాలు వాళ్లు సరిగ్గా చూసుకున్నారు. పిల్ల ఎముకను డ్రాయర్‌లో పెట్టనివ్వకుండా వెనక్కి అడిగి తెచ్చుకుంది. తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నీకు దొరికింది. నువ్వే ఉంచుకో."

కొడుకూ కోడలూ ఇంకొక ఏడాది ఆగమన్నారు. నేను ఏ మొహంతో చెప్పను, అయినా చెప్పాను. గడువు తీసేస్తున్నాను, మళ్లీ మట్టి తెచ్చుకో, నీళ్లకు నేను ఏమీ అనను అన్నాను. అది మాత్రం చేతిలో చెయ్యి వేసిన మాట గుర్తుచేసింది. తొక్కు పెట్టడం అయిపోయింది గదా అంది. తరువాతి సోమవారం అశోక్‌నగర్‌లో చేరింది. పొద్దున సంచి వేసుకుని పోతుంది, లైబ్రరీలో కూర్చుంటుంది, పొద్దుగూకి వస్తుంది. బాగా చదువుతుందట, మార్కులు బాగా వస్తున్నాయట. నేను కోరిందే. నేను కోరినదాన్ని నాకు పూర్తిగా ఇచ్చింది, ఒక్క అణువు తగ్గించకుండా. నాతో ఎప్పటిలాగే మాట్లాడుతుంది. ఆ రెండు సీసాల తొక్కు మాత్రం ముట్టదు. మొదట్లో కోడలు తెలియక వడ్డిస్తే పళ్లెంలో పక్కకు జరిపి లేచిపోయింది. ఏడాది తిరిగింది, ఒకటి అడుగంటింది, ఇంకొకటి మూత తీయలేదు.

కడగని నాలుగు సంచుల మట్టి రేకుల గదిలో మిగిలింది. పారేయమని పిల్ల చెప్పింది. నేను పారేయలేదు. రోజు విడిచి రోజు నల్లా వచ్చినప్పుడు, బట్టలు జాడించిన నీళ్లు కాకుండా మంచినీళ్లే పోసి, ఒక్కొక్క సంచి నానేస్తున్నాను. పచ్చదానికి ఒక జల్లెడ, ఎర్రదానికి ఒక జల్లెడ. ఎండబెట్టే పేపర్లు కూడా వేరు. ఒకటి ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడిగి గాని రెండోది ముట్టుకోను. అంకెలు నా వంకర చేత్తోనే రాస్తాను, రెండు చీటీలు రాసి ఒకటి సీసా బయట అంటించి, ఒకటి సీసా లోపల వేస్తాను. చదివిన వాళ్లు ఎట్లా చేస్తారో నాకు తెలియదు.

మొన్న ఆదివారం పిల్ల ఆరేసిన బట్టలు తీయడానికి డాబా మీదికి వచ్చింది. నేను తలుపు తీసే కూర్చున్నాను. అది గుమ్మం దగ్గర ఆగింది. జల్లెడలూ, చీటీలూ, వేరువేరు పేపర్లూ చూసింది.

"ఇప్పుడెందుకు నానమ్మ," అంది.

నేను పళ్లెంలో ఇంకో వరస జరిపాను. అది బట్టలు చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆ పూట పళ్లెంలో వచ్చింది ఒక్క చేప పన్ను. దాన్ని కడగలేదు, తుడవలేదు. సీసా మీది అంకె చూసి, అదే అంకె పొట్లం మీద వేసి, పచ్చమట్టి అని పక్కన రాసి పెట్టాను.